తోయుటకు ముందు వినుడి



ఒకప్పుడు మన పల్లెలలో ఎద్దులబండి చేసిన పనిని నేడు అనేక చోట్ల కారును జీపును చేయుచున్నవి. రోగిని ఆసుపత్రికి చేర్చవలెనన్నను, పెండ్లివారిని దింపవలెనన్నను, దూరపు గ్రామమునుండి వృద్ధులను ఆరాధనకు తేవలెనన్నను, ఊరిలోనున్న ఒకటి రెండు బండ్లే ఆధారము. బండి ఒకనిది, అక్కర అందరిది. కనుక అది మొరాయించిన దినమున చిక్కుపడునది ఒక్క యిల్లు కాదు. ఈ నెల ఆ మొరాయింపును గూర్చియే వ్రాయుచున్నాను. బోధకునికి ఇంజను గొడవ యేల అని కొందరు నవ్వవచ్చును, నవ్వనిండు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల మధ్య ఇన్ని యేండ్లు తిరిగినవానికి ప్రసంగము తరువాత ఎక్కువగా తెలియవలసిన సంగతి బండి సంగతియే.

నేను చెప్పబోవునది ఒక్క రోగమును గూర్చి. తాళపుచెవి త్రిప్పగా ఏ చప్పుడును రాకుండుట వేరొక రోగము. టక్కుమని ఒక దెబ్బ కొట్టి ఊరకుండుట మరియొకటి. ఆ రెంటిలో బేటరీనో, దాని తీగల మొనలనో, సెల్ఫునో అనుమానింపవలెను. ఇక్కడ అట్లు కాదు. సెల్ఫు చక్కగా కొట్టుచున్నది, ఇంజను జోరుగా తిరుగుచున్నది, గాని అందుకొనుట లేదు.

ఇట్టి వేళ మన జనులు చేయు మొదటి పని యేది? నలుగురు దిగి తోయుట. పెనుకొండ మండలమందలి యెర్రమంచి యొద్ద, 44వ నంబరు జాతీయ రహదారి ప్రక్కన కియావారి కార్ల కర్మాగారము కలదు. 2019వ సంవత్సరము డిసెంబరులో దానికి ప్రారంభోత్సవము జరిగినది. ఏటికి మూడు లక్షల కార్లు తయారుచేయగల సత్తువతో కట్టిరి. అంత పెద్ద పని మన కన్నుల యెదుట జరుగుచుండగా, అదే రహదారి ప్రక్కన ఆగిన బండి చుట్టు మనము చేరినప్పుడు మన తాతలు బస్సును తోసిన రీతిగానే తోయుచున్నాము.

తోయుట యనగా ఏమి? చక్రముల ద్వారా ఇంజనును త్రిప్పుట. సెల్ఫు చేయు పనియు అదే. సెల్ఫు బాగుగా త్రిప్పుచుండగా అందుకొనని ఇంజను, మనుష్యులు త్రిప్పినంత మాత్రమున ఏల అందుకొనవలెను? సెల్ఫు నీరసముగా, ఈడ్చి ఈడ్చి తిరిగినయెడల సంగతి వేరు. అప్పుడు బేటరీలో మిగిలిన కొద్ది శక్తిని సెల్ఫే మ్రింగివేయును, నిప్పురవ్వకు కరెంటు చాలదు. అట్టి బండిని తోసిన ప్రయోజనముండవచ్చును. జోరుగా తిరుగు బండిని తోయుట మాత్రము వట్టి చెమట. గేర్లు తమంతట తాము మారు ఆటోమేటిక్ బండ్లయితే తోసినను ఇంజను తిరుగనే తిరుగదు.

చెమటతో పోయినను బాగుండును. అందుకొనని ఇంజనును మాటిమాటికి త్రిప్పినయెడల కాలని పెట్రోలు పొగగొట్టములోనికి పోవును. ఇప్పటి బండ్లలో ఆ గొట్టమునందు పొగను శుద్ధిచేయు పరికరమొకటి యుండును, బహు వెలగలది. అక్కడ చేరిన పెట్రోలు తరువాత మండి దానిని పాడుచేయగలదు. బేటరీ మాట చెప్పనక్కరలేదు. పెద్ద దీపములు రెండును కలిసి పది ఆంపియర్లకు మించి త్రాగవు. సెల్ఫు తిరుగుచున్నంత సేపు నూరు, కొన్ని బండ్లలో రెండు నూర్లు త్రాగును. కనుక ఒక్కొక్క పర్యాయము పది సెకండ్లకు మించక, నడుమ అర నిమిషమైనను విశ్రాంతి నిచ్చి త్రిప్పవలెను. బేటరీ చచ్చిన తరువాత రోగమేదో తెలిసినను లాభమేమి?

ఇక్కడ కొంచెము వెనుకకు పోవుదము. సెల్ఫు రాకమునుపు ఇంజనును చేతి హేండిలుతో త్రిప్పెడివారు. క్లీనరు కుర్రవాడు బస్సు ముందర వంగి హేండిలు త్రిప్పుట మనలో పెద్దవారు చూచియేయుందురు. ఒక్కొక్కమారు అది వెనుకకు తన్ని చేతియెముక విరుగుటయు కలదు. అమెరికా దేశములో చార్లెస్ కెటరింగు అను ఇంజనీరు కరెంటుతో తిరుగు సెల్ఫును చేయగా 1912 నాటి కాడిలాక్ కార్లకు మొదట అమర్చిరి. దానికి రెండేండ్లు ముందు, 1910 నాటి కాడిలాక్ కార్లకు బేటరీతో నిప్పురవ్వ పుట్టించు ఏర్పాటును చేసినవాడును ఆయనయే. రెండును ఒకే మనుష్యుని చేతి పనులు, రెంటికిని ఒకే బేటరీ. అయినను వాటి దారులు వేరు. ఒకటి పనిచేయుచున్నదని రెండవది కూడ పనిచేయుచున్నదని తలంచరాదు. సెల్ఫు తిరుగుట వలన మనకు తెలియునది ఇంతే: బేటరీ బ్రతికియున్నది, సెల్ఫు బాగున్నది, ఇంజను బిగుసుకొనలేదు. ఈ మూటిని విడిచి వెదకవలెను.

మరి ఇంజను అందుకొనుటకు ఏమేమి కావలెను? పంపు స్టవ్వు వెలిగించిన తల్లులకు ఇది చెప్పవలసిన పనిలేదు. కిరసనాయిలు రావలెను, గాలి కలియవలెను, అగ్గిపుల్ల గీయవలెను. పెట్రోలు ఇంజనులోను అంతే. తూకమున ఒక పాలు పెట్రోలునకు పదునాలుగు పదిహేను పాళ్ల గాలి కలిసి లోనికి పోవలెను. ముషలము పైకి వచ్చి దానిని పదవ వంతున కటునిటుగా అదిమిపట్టవలెను. సరిగా ఆ క్షణముననే ప్లగ్గు నిప్పురవ్వ కొట్టవలెను. పెట్రోలు, అదుము, నిప్పు, వేళ: ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తప్పినది. ఏది తప్పినదో బండియే చెప్పును. వినువాడు కావలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట పెనుకొండకు సమీపమున ఒక గ్రామములో శనివారపు రాత్రి గృహకూటము ముగించుచుండగా ఆ యింటి అవ్వకు ఆయాసము ఎక్కువాయెను. ఊపిరి అందక పెదవులు నీలమాయెను. 108కి ఫోను చేసిరి. సమీపముననున్న అంబులెన్సు రహదారిపై మరియొక ప్రమాదమునకు పోయినదట, కొంత ఆలస్యమగునని చెప్పిరి. ప్రక్కయింటి సహోదరుని పెట్రోలు కారు వాకిటనే యుండెను. అవ్వను వెనుక సీటులో పండబెట్టి తాళపుచెవి త్రిప్పగా సెల్ఫు బహు జోరుగా కొట్టెను గాని బండి అందుకొనలేదు. రెండవమారు, మూడవమారు అట్లే యాయెను.

అప్పుడు చూడవలెను మన జనుల సందడి! ఒకడు బేటరీ అనెను. ఒకడు ప్లగ్గులనెను. ఒకడు ఆ సాయంకాలము పోయించిన పెట్రోలులో కల్తీ యున్నదనెను. అప్పటికే అయిదారుగురు చొక్కాల చేతులు మడిచి బండి వెనుకకు చేరిరి. లోపల అవ్వ గురగురమనుచుండెను. ఆమె కుమార్తె ఏడ్చుచుండెను. ఇంతలో పెనుకొండలో ఒక షెడ్డునందు పని నేర్చుకొనుచున్న ఇరువది యేండ్ల కుర్రవాడు ముందుకు వచ్చి మెల్లగా, "అయ్యగారూ, అందరినీ రోంత సేపు మాట్లాడొద్దని చెప్పండి" అనెను. ఆ రాత్రి నేను చేసిన మేలు ఏదైన నున్నయెడల అందరిని గద్దించి ఊరకుండజేయుటయే.

వాడు వెనుక తలుపు తెరచి, సీటు అంచున చెవి పెట్టి, "సెల్ఫు కొట్టొద్దన్నా, తాళం ఒక్క మెట్టు తిప్పి నిలుపు" అనెను. ఇప్పటి పెట్రోలు కార్లలో పంపు టాంకులోనే యుండును. తాళము ఆ మెట్టునకు రాగానే అది రెండు సెకండ్ల పాటు జుమ్మని తేనెటీగ వలె పలికి పెట్రోలును ముందుకు త్రోసి ఊరకుండును. ఆ రాత్రి అది పలుకలేదు. మరల త్రిప్పించెను, పలుకలేదు. "పంపు పలకడం లేదు సామీ" అనెను. ఆ ఒక్క మాటతో బేటరీయు ప్లగ్గులును కల్తీ పెట్రోలును తీర్పు తప్పించుకొనెను.

ఫోను దీపము పట్టుకొని ఇంజను ప్రక్కనున్న ఫ్యూజుల పెట్టె తెరచెను. పంపు ఫ్యూజు లోపలి తీగ తెగలేదు. దాని ప్రక్కన నల్లని చదరపు రిలేలు కొన్ని వరుసగా నుండెను. రిలే యనగా చిన్న కరెంటు ఆజ్ఞ నిచ్చినప్పుడు పెద్ద కరెంటునకు ద్వారము తీయు కావలివాడు. పంపు రిలే మీదను హారను రిలే మీదను ఒకే అంకె అచ్చువేసియుండుట చూచి, హారనుది ఊడబీకి పంపు చోట గ్రుచ్చెను. తాళము త్రిప్పగా వెనుకనుండి జుమ్మను శబ్దము వచ్చెను. మేమందరము వింటిమి. సెల్ఫు కొట్టగానే ఇంజను అందుకొనెను. హారను లేని బండితో సోమందేపల్లి మీదుగా హిందూపురము చేరితిమి. అడ్డము వచ్చిన వారికి దీపములు ఆర్పి వెలిగించుచు, కుర్రవాడు కిటికీలోనుండి తలుపును అరచేతితో చరచుచు. ఆసుపత్రిలో వెంటనే ఆక్సిజను పెట్టిరి. అవ్వ అయిదవ దినమున ఇల్లు చేరెను. ఆ పదిమందియు తోయుటకు పూనుకొని, తాళము పట్టినవాడు ఇంకను పది నిమిషములు సెల్ఫు కొట్టియుండినయెడల, రిలే దొరకు సమయమునకు బేటరీ యుండెడిది కాదు.

మీరును ఇట్లు చేయదలచినయెడల ఒక జాగ్రత్త: రిలేల మీది అంకె ఒక్కటైనప్పుడే మార్చవలెను. రూపము కలిసినది చాలును అనుకొనవద్దు. ఫ్యూజు కాలినచో అదే కొలతగల ఫ్యూజు వేయవలెను. సిగరెట్టు పెట్టెలోని వెండికాగితము చుట్టి వేసినవారి బండ్లు మంటల పాలైనవి.

పంపు పలికినయెడలనో? మొదట పెట్రోలు ఉన్నదా అని అడుగవలెను. ముల్లు చూపుచున్నది గదా అందురు. ముల్లు ఒక తేలెడు బుడ్డిని నమ్ముకొన్నది. ఆ బుడ్డి ఇరుకుకొన్న దినమున ముల్లు అబద్ధమాడును. పెనుకొండ కోట దిగువనున్న వీధులలో వలె వాలున నిలిపిన బండిలో పెట్రోలు తక్కువగానున్నప్పుడు ఉన్నది కూడ ఒక ప్రక్కకు ఒరిగి పంపునకు అందకపోవచ్చును. సమమైన చోటికి దొర్లించి చూడుడి, లేదా రెండు లీటర్లు పోసి చూడుడి. పదిమంది కన్యకల కథ ఎరిగిన మనము ఈ ప్రశ్నకు సిగ్గుపడవలసిన పనిలేదు. మరియొక మాట. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఎథనాలు కలుపుట వచ్చినది. ఎథనాలు నీటితో ఇట్టే కలియును. వానలలో టాంకులోనికి నీరు దిగినయెడల ఎథనాలు ఆ నీటితో కూడ అడుగునకు చేరును; పంపు పీల్చునది అడుగు సరుకునే.

తరువాత ముక్కుతో అడుగవలెను. రెండు మూడు మారులు సెల్ఫు కొట్టిన పిమ్మట పొగగొట్టము యొద్ద పచ్చి పెట్రోలు వాసన వచ్చుచున్నయెడల పెట్రోలు చేరుచున్నది, నిప్పు లేదు. వాసన ఏమియు లేనిచో నిప్పు మాట తరువాత, పెట్రోలే రాలేదు. బీడీ కాల్చువారిని ఈ పరీక్ష సమయమున దూరముగా నిలువబెట్టుడి. అగ్గిపుల్ల గీసి చూచువారును ఉన్నారు, వారికేమి చెప్పగలను! పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిసినట్లు తోచినచో ఎక్సిలేటరును అడుగంట త్రొక్కి కొన్ని సెకండ్లు సెల్ఫు కొట్టవలెను. అట్లు త్రొక్కినప్పుడు అనేక బండ్లలోని కంప్యూటరు పెట్రోలును ఆపి గాలిని మాత్రము పంపును, ప్లగ్గులు ఆరును.

నిప్పు లేని బండ్లలో కారణములు పలువిధములు. పాతకాలపు కార్బొరేటరు కార్లకు వాన శత్రువు. ధర్మవరములో ఒక పెండ్లినాటి ఉదయము జల్లు కురిసిన పిమ్మట పెండ్లికుమార్తెను తేవలసిన పాత కారు అందుకొనకపోగా, పెండ్లికుమార్తె తండ్రి, పట్టుచీరలు నేయువాడు, డిస్ట్రిబ్యూటరు మూత తీసి మగ్గము ప్రక్కనున్న పొడి గుడ్డతో లోపలి చెమ్మ తుడిచెను. మరుక్షణమే బండి పలికెను. ప్లగ్గునకు పోవు కరెంటు వేల వోల్టులది, చెమ్మ దొరికినచో దారి మళ్లును. దానిని చేతితో ముట్టి పరీక్షింపరాదు. క్రొత్త బండ్లలో ప్లగ్గు తీగ పీకి గాలిలో రవ్వ కొట్టించి చూచుటయు తగదు, కాయిలు చెడిపోగలదు.

హిందూపురపు బెల్లము, చింతపండు మండీల చుట్టుప్రక్కల ఎలుకలకు కొదువలేదు. అక్కడ పది దినములు కదలక నిలిచిన బండి అందుకొననప్పుడు మొదట మూత ఎత్తి తీగలు చూచుట మేలు.

ఎండకాలపు మధ్యాహ్నము నడుచుచునే ఆగి, గంటసేపు చల్లారిన పిమ్మట ఏమియు ఎరుగనట్లు అందుకొను బండ్లు కలవు. ఇంజను ఎక్కడికి తిరిగినదో కంప్యూటరునకు తెలుపు చిన్న సెన్సారు వేడికి మూగబోయినప్పుడు ఇట్లగును. అది మూగయైనచో కంప్యూటరు నిప్పును ఆపును, పెట్రోలును ఆపును. అనేక బండ్లలో సెల్ఫు కొట్టునప్పుడు చుట్ల ముల్లు కొంచెము కూడ కదలకుండుట దానికి గురుతు. పాత కార్లలోనైతే వేడికి పెట్రోలు గొట్టములో ఆవిరి పట్టుట కారణము. పంపు మీద తడిగుడ్డ వేసి ఓపికపట్టుట దాని మందు.

సెల్ఫు చప్పుడును కూడ ఎరిగియుండవలెను. మంచి ఇంజను తిరుగునప్పుడు దంపుడు శబ్దము వలె ఒక తూగు వినబడును, అదుము పడినప్పుడెల్ల కొంచెము ఆగి ఆగి. ఆ తూగు పోయి, ఏ బరువును లేనట్లు సర్రున తిరిగినయెడల టైమింగు బెల్టు తెగియుండవచ్చును. వెంటనే తాళము తీసివేయుడి. కొన్ని ఇంజనులలో ముషలములు వాల్వులను కొట్టి వంచును. అట్టి బండిని తోయుట నష్టమును పెంచుటయే.

డీజిలు జీపులకు ట్రాక్టర్లకు ప్లగ్గు రవ్వ లేదు. గట్టిగా అదిమిన గాలి వేడికే డీజిలు మండును. సెల్ఫు కొట్టునప్పుడు తెల్లని పొగ వచ్చిన డీజిలు చేరుచున్నది గాని కాలుట లేదు. పొగయే లేనిచో చేరుట లేదు. టాంకు పూర్తిగా ఎండిపోయిన తరువాత డీజిలు పోసినను అందుకొనకున్న గొట్టములలో గాలి పట్టినదని యెరుగుడి. ఫిల్టరు మీది చేతి పంపును నొక్కుచు, పాత బండియైనచో దాని మర కొంచెము వదలుచేసి, బుడగలు ఆగువరకు గాలిని వెళ్లగొట్టవలెను. క్రొత్త కామన్ రైలు డీజిలు బండ్లలో ఇంజను దగ్గరి ఉక్కు గొట్టములను మాత్రము ముట్టవద్దు. అక్కడి ఒత్తిడికి సన్నని చిమ్ము చర్మమును తొలిచి లోనికి పోగలదు.

ఇక నన్ను మిక్కిలి బాధించిన సంగతి. ధర్మవరము ప్రాంతమున విధవరాలి కుమారుడొకడు అప్పు చేసి పాత కారు కొని బాడుగకు నడుపుచుండెను. ఒకనాడు సెల్ఫు తిరిగెను, బండి అందుకొనలేదు. ఒకరు బేటరీ మార్పించిరి. మరియొకరు సెల్ఫు విప్పి బాగుచేసిరి. తిరుగుచున్న సెల్ఫును బాగుచేయుట యేమి? అడుగువారు లేరు. తరువాత నాలుగు ప్లగ్గులు. పదునైదు దినములు బండి నిలిచెను, బాడుగ పోయెను, కంతు నిలిచెను. తుదకు ఒక వృద్ధ మేస్త్రీ బండిని ముట్టకమునుపే, "నాయనా, ఆ తాళం ఎప్పటిది?" అని అడిగెను. అది క్రిందటి వారమే బజారులో కోయించిన మారు తాళము. ఇప్పటి కార్లలో అసలు తాళపుచెవి తలలో చిన్న చిప్పు యుండును. బండి దానిని గురుతుపట్టినగాని కొన్ని బండ్లలో సెల్ఫు తిరుగదు, కొన్నింటిలో సెల్ఫు తిరుగును గాని పెట్రోలు రాదు. ముందరి పలక మీద తాళము బొమ్మ గల దీపము ఆ పదునైదు దినములును మినుకుమినుకుమనుచునే యుండెను. అసలు తాళము తల్లి బీరువాలో నుండెను. దానితో త్రిప్పగానే బండి అందుకొనెను. క్రొత్త బేటరీని తిరిగి తీసికొనువారు లేరు.

ఆ వృద్ధుడు పైసా పుచ్చుకొనలేదు. తనకు ఎవరైన ఫోను చేసినప్పుడు "బండి ఆగింది, రా" అని మాత్రము చెప్పుదురని ఆయన నాతో మొరపెట్టుకొనెను. కనుక రాత్రివేళ మేస్త్రీని పిలుచునప్పుడు ఇవి చెప్పుడి: బండి పెట్రోలుదా, డీజిలుదా, సెల్ఫు జోరుగా తిరుగుచున్నదా, ఈడ్చుచున్నదా, తాళము మెట్టునకు త్రిప్పగా వెనుక పంపు పలుకుచున్నదా, పొగగొట్టము యొద్ద వాసనగాని పొగగాని వచ్చుచున్నదా, పలక మీద తాళము దీపము వెలుగుచున్నదా, చల్లని బండి అందుకొనలేదా, నడిచి వేడెక్కి ఆగినదా. ఇంత మాత్రము విన్నయెడల ఫ్యూజులు రిలేలు తేవలెనో, డీజిలు ఫిల్టరు తేవలెనో, బండిని ఈడ్చు త్రాడే తేవలెనో ఆయన పెనుకొండలోని తన వాకిటనుండియే నిశ్చయించుకొని సంచి సర్దుకొనును.